ఆపత్కాలమున గర్భిణుల మనోరక్షణము

(సంఘ వార్షిక మహాసభయందలి మహిళా సమావేశమున చేసిన యుపన్యాసము)



ఏటేట మన మహాసభలలో నూలు ధరలను గూర్చియు, సహకార సంఘముల బాకీలను గూర్చియు, విద్యార్థుల వసతిగృహములను గూర్చియు తీర్మానములు చేయుట పరిపాటి. అవి యన్నియు వలసినవే. గర్భిణి మనస్సును గూర్చిన యుపన్యాసము మాత్రము మన కార్యక్రమపత్రమున కెక్కుట, నేనెరిగినంతవరకు, ఇదియే మొదలు. ఇది యాడువారు పెరటిలో మాటలాడుకొనదగినదే కాని సభలో చెప్పదగిన విషయమా యని పెద్దలలో నొకరు సందేహించిరని విన్నాను. మార్కండేయ మహర్షి వంశీయులమని చెప్పుకొను మనకు పురాణములు పరాయివి కావు గదా! వారి సందేహమునకు ఆ పురాణములే సమాధానము చెప్పుచున్నవి.

గర్భిణి యాపదలో చిక్కుకొనిన కథలు మనకు మూడు ప్రసిద్ధములు. హిరణ్యకశిపుడు తపమునకు పోయిన సమయమున ఇంద్రుడు దానవపురముపై దండెత్తి, చూలాలైన లీలావతిని చెరపట్టి కొనిపోవుచుండగా నారదుడడ్డుపడి విడిపించెను. లోకాపవాదమునకు వెరచి రాముడు గర్భవతియైన సీతను అడవిలో విడిపించినప్పుడు వాల్మీకి యామెను తన యాశ్రమమునకు తోడ్కొనిపోయెను. భర్త యభిమన్యుడు రణమున కూలిన పిమ్మట, అశ్వత్థామ యస్త్రము కడుపులోని పిండమును దహింపవచ్చినప్పుడు ఉత్తర శ్రీకృష్ణుని శరణు వేడెను. హరికథలలోను, పురాణకాలక్షేపములలోను ఈ కథలను ఎన్నిమారులో వింటిమి. విని గ్రహించినదేమి? గర్భమునందున్న ప్రహ్లాదుడు నారదోపదేశమును వినెను గావున చూలాలు మంచిమాటలే వినవలెనట, దుఃఖింపరాదట, భయపడరాదట. నారదుడు మొదట చేసినది ఉపదేశము కానేకాదు. మొదట చెర విడిపించెను. పిదప నిలువనీడ చూపెను. భర్త తిరిగివచ్చువరకు ఇచ్చట నిర్భయముగ నుండుమని మాట యిచ్చెను. ఉపదేశము ఆ తరువాతి సంగతి. వాల్మీకియు సీతను ఏడువవలదని మందలించి యూరకుండలేదు. ఆమెను తాపసస్త్రీల కప్పగించి, చుట్టును తోడు నిలిపెను. మనము కథలోని యుపదేశమును పట్టుకొని ఆశ్రమమును విడిచితిమి.

నేనీ దినమున చెప్పవచ్చినది ఇంతమాత్రమే: ఆపత్కాలమున గర్భిణికి కలుగు భయదుఃఖములు ఆమె చేసిన తప్పులు కావు, వానిని పోగొట్టు భారమును ఆమె మీదనే మోపుట న్యాయము కాదు. నూనెతో అంచులవరకు నిండిన పాత్రను తొణకకుండ మోయునట్లు గర్భిణిని ఉపచరింపవలెనని చరకసంహిత శారీరస్థానమున కలదు. మోయువాడు జాగరూకుడు కావలెనని యా మహానుభావుని భావము. పాత్రనే తొణకవలదని శాసించుట మన యిండ్లలో పుట్టిన వైద్యము.

మన కులమువారికి ఆపద యెట్లు వచ్చునో వేరొకరు చెప్పనక్కరలేదు. తక్కిన వృత్తులవారిలో పెక్కురికి ఇల్లు వేరు, పనిచోటు వేరు. నేతగానికి ఇల్లే కార్ఖానా. చీరాలలో గాని, పెడనలో గాని, ఉప్పాడలో గాని ఒక రాత్రి కుండపోతగ కురిసిన చాలును. మగ్గపు గుంటలోనికి నీరు దిగును, పడుగు నానును, కొయ్యసామాను ఉబ్బును, గుంట ఆరువరకు నేత సాగదు. ఇంటిలోనికి నీరు వచ్చిన దినముననే కూలియు నిలిచిపోవును. ఆసు పోయుట, కండెలు చుట్టుట స్త్రీల చేతిపని గనుక ఏడవ నెల చూలాలైనను రాట్నము ముందు కూర్చుండక తప్పదు. ఆ రాట్నము ఆగినప్పుడు, విశ్రాంతి దొరకెనని యామె సంతోషింపదు. షావుకారు బాకీని లెక్కించుకొనును. 1977 నవంబరు 19 నాటి యుప్పెన దివిసీమను ముంచినప్పుడు సర్కారు లెక్కప్రకారమే పదివేలకు దగ్గరగ జనులు మరణించిరి. ఆ రాత్రి చెట్టుకొమ్మలను, గుడిగోడలను పట్టుకొని బ్రదికినవారిలో కడుపుతో నున్నవారెందరు, వారి కాన్పులెచ్చట జరిగెను అని మనలో నడిగినవారెవరు?

భీవండికి, సూరతుకు, షోలాపురమునకు పోయి మరమగ్గములపై బ్రదుకు మనవారి సంగతి వేరొక తీరు. 2020 మార్చి 25 న దేశమంతట రాకపోకలను స్తంభింపజేసినప్పుడు మరమగ్గములు ఆగెను. కిరాయిగదులలోని కుటుంబములకు కూలియు లేదు, ఊరికి త్రోవయు లేదు. నెలనెలకు పరీక్షకు పోవలసిన గర్భిణులు గడప దాటుటకే వెరచిరి. ఆ యేడు మే నెలలో నాసిక్ నుండి మధ్యప్రదేశమునందలి సత్నాకు కాలినడకన బయలుదేరిన యొక శ్రామికస్త్రీ త్రోవప్రక్కనే ప్రసవించి, కొన్ని గంటలు మాత్రము విశ్రమించి, పసికందుతో మరల సుమారు 150 కిలోమీటర్లు నడచినదని పత్రికలలో చదివితిమి. ఆమె ధైర్యమును మెచ్చుకొనుచు వ్రాసినవారే యెక్కువ. ఆ త్రోవపొడవున ఆమె మనస్సున నేమి జరిగెనో అడిగినవారిని నేను చూడలేదు.

ఈ మెచ్చుకోలును గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. 2023 డిసెంబరు 5 న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటిన కొన్ని దినములకు, నేతవారి యింటి కోడలినొకతెను పరీక్షించు సందర్భము నాకు కలిగెను. ఎనిమిదవ నెల. ఇంట మోకాలిలోతు నీరు నిలిచి రెండు మగ్గములు మునిగినవి. వెంటవచ్చిన యత్తగారు, "మా కోడలు గట్టిపిండమమ్మా! ఇంత జరిగినా కంట నీరు పెట్టలేదు" అని గర్వముగ చెప్పెను. కంట నీరు పెట్టలేదన్నది నిజమే. నిదురపోవుటయు లేదు, తినుటయు లేదు. కడుపులో బిడ్డ కదలుచున్నదా యని యడిగితిని. "ఏమోనండీ, చూసుకోలేదు" అనెను. మొదటి చూలు, ఇరువదియేండ్ల పడుచు, బిడ్డ కదలికను గమనించుటయే మానుకొన్నది! ఆ మాట భయపెట్టినట్లు నన్ను ఏ యేడుపును భయపెట్టలేదు. ఏడ్చు గర్భిణిని చూచి మనము కంగారుపడుదుము. కొయ్యవలె కూర్చున్నదానిని మెచ్చుకొందుము. మన కంగారు పలుమారులు ఒకరికి చెందవలసియుండగా మరియొకరికి చెందుచున్నది.

మెల్లమెల్లగ మాటలలో తేలినదేమనగా, ఆమె చింత గడచిన తుఫానును గూర్చి కాదు. పుట్టిల్లు కూడ మునిగినది. అచ్చటికి పోవుటకు వీలు లేదు. ఇచ్చట పురిటిమంచము వేయుటకు పొడిచోటు లేదు. ఎచ్చట కందునో, ఎవరు దగ్గరనుందురో తెలియకపోవుటయే యామె వ్యథ. దానిని అడిగినచో అత్తవారిని తప్పుపట్టినట్లగునేమోయని పెదవి విప్పలేదు. మేనత్త యింట ఏర్పాటు కుదిరినది. ఆ రాత్రి యామె నిదురపోయెనని అత్తగారే పిదప చెప్పిరి. మందు వ్రాయవలసిన పని పడలేదు. అందరి వ్యథయు ఇట్లే తీరునని నేను చెప్పను. మందులు వలసినవారును కలరు. వారి సంగతి ముందు చెప్పెదను.

ఒక్కరి కథను విని నమ్మవలదు. పెక్కుమందిని సంవత్సరముల తరబడి పరిశీలించిన శాస్త్రజ్ఞుల మాటను వినుడు. 1998 జనవరిలో కెనడా దేశమందలి క్విబెక్ రాష్ట్రముపై మంచువాన కురిసి, తీగలపై మంచు పేరుకొని, విద్యుత్స్తంభములు విరిగిపడెను. ముప్పది లక్షలమంది చీకటిలో పడిరి. కొందరికి కొన్ని గంటలు, కొందరికి ఐదు వారములకు పైగా కరెంటు లేదు. గడ్డకట్టు చలిలో వంటకును వెచ్చదనమునకును కరెంటే యాధారమైన యిండ్లవి. సుజాన్ కింగ్ అను విదుషియు ఆమె సహచరులును ఆ సమయమున గర్భిణులుగ నున్నవారిని వెదకి రెండు సంగతులను వేర్వేరుగ కొలిచిరి. ఎన్ని దినములు కరెంటు లేదు, ఇల్లు విడువవలసి వచ్చెనా, ఎంత నష్టము కలిగెను అను వాస్తవకష్టము ఒకటి. మనస్సున నెంత కలత చెందితిరన్నది రెండవది. పిదప ఆ తల్లులకు పుట్టిన బిడ్డలను ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చిరి. రెండేండ్ల ప్రాయమునను, ఐదున్నరయేండ్ల ప్రాయమునను బిడ్డల భాషలోను బుద్ధివికాసములోను కనబడిన తేడాలు, తల్లి చెప్పుకొనిన కలతకంటె తల్లి పడిన వాస్తవకష్టముతోనే యెక్కువ సంబంధము కలిగియుండెను.

సోదరీమణులారా, ఈ యొక్క సంగతిని మన యిండ్లలోని ప్రతి పెద్ద ముత్తైదువయు వినవలెనని నా కోరిక. "ఏడవకే, బిడ్డకు కీడు" అని చెప్పుటకు ఖర్చు లేదు. పొడిబట్టకు, వేడి యన్నమునకు, ఆసుపత్రికి పోవుటకు బండికి ఖర్చు కలదు. ఖర్చు లేనిదానిని మనము ధారాళముగ పంచుచున్నాము. పైగా బిడ్డకేదైన లోపము కనబడిన, ఆ తల్లియే కడుపులో పెట్టుకొని కుమిలినందున ఇట్లయ్యెనని జీవితాంతము అనుచుందుము. తన యేడుపే తన బిడ్డను చెరుపుచున్నదని నమ్మిన గర్భిణికి ఒక భయము రెండగును. ఏడ్చుచున్నందులకు మరల ఏడ్చును.

అట్లని మనోవ్యథ నిరపాయమని తలపరాదు. చాలకాలము సాగు కలతవలన నెలలు నిండకమునుపే ప్రసవమగుటయు, బిడ్డ బరువు తగ్గుటయు కొంత యధికముగ కనబడుచున్నవని పలుదేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. దాని పద్ధతిని క్లుప్తముగ చెప్పెదను. భయము కలిగినప్పుడు మూత్రపిండములపై టోపీలవలె నమరియున్న గ్రంథులు కార్టిసాల్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగ కొట్టుకొనుట, నిదుర చెడుట, రక్తములో చక్కెర పెరుగుట మొదలగువానిలో దానికి పాలు కలదు. ఈ రసమంతయు తిన్నగ బిడ్డకు చేరదు. మావియందలి యొక ఎంజైము దానిలో చాలభాగమును నిర్వీర్యము చేయును. అనగా, గర్భిణికి భయమే కలుగదని తలచి ప్రకృతి యీ శరీరమును నిర్మింపలేదు. కలుగునని యెరిగియే నిర్మించెను. కావున ఒకనాటి భయమునకు, ఒక పూట యేడుపునకు బెదరవలసిన పనిలేదు. వారములు, నెలలు సాగు వ్యథ వేరు. అందులకు ఆకలియు, నిద్రలేమియు, రక్తహీనతయు తోడైనచో మరియు వేరు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను పరీక్షింపబడిన గర్భిణులలో సగమునకు మించినవారికి రక్తహీనత కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. ఐరన్ మాత్రలు ఇంటిలో నుండియు మ్రింగక పారవేయువారు మనలో తక్కువమంది కారు.

మరియొక విషయము. ప్రమాదము కొంత పెరుగుట వేరు, తప్పక కీడు జరుగుట వేరు. పైన చెప్పిన తేడాలన్నియు గుంపులను పోల్చి చూచిన సగటులు. ఏ యొక్క తల్లిని చూపియు నీ బిడ్డ యిట్లగునని జోస్యము చెప్పుటకు అవి పనికిరావు. భర్తను పోగొట్టుకొని, యుద్ధభూమి ప్రక్కన, అస్త్రమునకు గురియైన యుత్తర కడుపున పుట్టినవాడే పరీక్షిత్తు.

ఇక వ్యథను గుర్తించుట యెట్లు? ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము గర్భిణులలో నూటికి సుమారు 10 మందికిని, బాలింతలలో నూటికి 13 మందికిని మనోవ్యాధి, ముఖ్యముగ వ్యాకులత, కలుగుచున్నది. మనవంటి దేశములలో ఈ సంఖ్యలు 15.6, 19.8. ఆపదలు లేని దినములను గూడ కలిపి వేసిన లెక్కలివి. 1987లో ఎడింబరో నగరమున పది ప్రశ్నల పట్టిక నొకదానిని సిద్ధము చేసిరి. అది మొదట బాలింతలకొరకు పుట్టినది, ఇప్పుడు గర్భిణులకును వాడుచున్నారు, తెలుగులోనికి వచ్చినది. గడచిన యేడు దినములలో నవ్వదగినదానికి నవ్వగలిగితివా, కారణము లేకయే భయపడితివా, దుఃఖమువలన నిదుర పట్టలేదా, ఇట్టి ప్రశ్నలే. చదువురాని యవ్వలు సైత మడుగగలరు. పదవ ప్రశ్న మాత్రము మనవారికి గొంతు దాటదు: తనకు తాను హాని చేసికొను తలంపు వచ్చినదా? అడిగినందున లేని తలంపు పుట్టునని భయము. అట్లు పుట్టదని వైద్యశాస్త్రము నిర్ధారించినది. ఉన్న తలంపును చెప్పుకొనుటకు త్రోవ మాత్రము దొరకును.

వేయి కాన్పులకు ఒకరిద్దరికి ప్రసవించిన కొలదిదినములలోనే మతి చలించును. నిదుర పూర్తిగ పోవుట, సంబంధము లేని మాటలు, బిడ్డను గూర్చి వింత నమ్మకములు దాని గుర్తులు. మన పల్లెలలో దీనిని గాలి సోకినదని చెప్పి, తాయెత్తు కట్టించి, వేపమండలతో కొట్టించి, విలువైన దినములను పోగొట్టుచున్నారు. ఇది ఆ గంటననే ఆసుపత్రికి చేర్పవలసిన వ్యాధి. చికిత్స చేసిన చక్కగ నయమగును. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2009 నుండి తల్లిని బిడ్డను విడదీయక కలిపియుంచి చికిత్స చేయు ప్రత్యేకవిభాగము కలదు. తీవ్రమైన వ్యాకులతకు గర్భిణులును వైద్యుల పర్యవేక్షణలో వాడదగిన మందులు గలవు. అదివరకే మందు వాడుచున్నవారు గర్భము తెలిసినంతనే భయపడి తమంతట తాము మానరాదు. వైద్యుని యడిగియే చేయవలెను. 14416 అను టెలిఫోను సంఖ్యకు ఏ వేళనైనను మాటలాడవచ్చును. టెలీమానస్ అను నీ సహాయము 2022 అక్టోబరు 10 న ఆరంభమైనది. రుసుము లేదు. తెలుగులో మాటలాడువారును కలరు.

2011 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వరదలలో మునిగెను. అచ్చటి గర్భిణులను గూర్చిన పరిశోధన నాకు మిక్కిలి ప్రీతికరమైనది. గర్భము మొదలుకొని పురుడు పోయువరకు, తరువాత ఇంటికి వచ్చి చూచువరకు తాము పేరు పెట్టి పిలువగల యొకే మంత్రసాని సంరక్షణలో కొందరుండిరి. పోయినప్పుడెల్ల కొత్త ముఖమే యెదురగు మామూలు పద్ధతిలో మరికొంద రుండిరి. వరదకష్టము హెచ్చుగ పడినను, మొదటివారిలో ప్రసవమైన యారువారములకు వ్యాకులత తక్కువగ కనబడెను. రెండవవారికి ఆ రక్షణ కలుగలేదు. వరద ఒకటే. నష్టమును తీర్చినవారు లేరు. ఉన్న భేదము ఎరిగిన మనిషి యొక్కతె.

ఇది చదివినప్పుడు మన పుట్టింటి కాన్పు జ్ఞప్తికి రాకమానదు. తొలిచూలు కూతురిని సీమంతము చేసి పుట్టింటికి తీసికొనిపోవు నాచారమును కల్పించినవారు ఏ పరిశోధనలు చేసిరో తెలియదు కాని, తల్లి యనునామె ఎరిగిన మనిషియే గదా! ఆపత్కాలమున మొదట తెగునది ఈ దారమే. పుట్టిల్లు మునిగిపోవును, లేదా తండ్రి యప్పులపాలై యుండును, లేదా పిల్ల షోలాపురములోను తల్లి పెడనలోను చిక్కుకొందురు. అట్టి వేళ తెగిన దారమును అతుకుపెట్టుట నేతపనివారికి నేర్పవలసిన విద్యయా?

పెద్దచదువులు చదివిన వైద్యులు మనకు చాలరని కొందరు నిరాశపడుదురు. పాకిస్తాను దేశమున రావల్పిండి ప్రాంతపు పల్లెలలో అతీఫ్ రహమాన్ అను వైద్యుడును ఆయన సహచరులును చేసి, 2008లో ప్రకటించిన పరిశోధనను వారికి వినిపింపవలెను. వ్యాకులతతో నున్న గర్భిణుల యిండ్లకు, మనోవైద్యము చదువని గ్రామారోగ్య కార్యకర్త్రులే, కొలది శిక్షణ పొంది వెళ్ళిరి. కాన్పుకు ముందటి నెలలో వారమున కొకమారు, కాన్పైన మొదటి నెలలో మూడుమారులు, తరువాత నెలకొకమారు, మొత్తము పదునారు మారులు. పోయి చేసినదేమి? ఆమె మాటను సాంతముగ వినుట. "నావలన నేమియు కాదు" అను తలంపునకు బదులు ఈ వారము చేయగల చిన్నపని నొకదానిని ఆమెతోనే యెంచుకొనజేయుట. అత్తను, భర్తను కూర్చుండబెట్టి బిడ్డ క్షేమమను పేరిట వారిని గూడ కలుపుకొనుట. బిడ్డకు ఆరు నెలలు వచ్చునప్పటికి ఇట్టి సాయము పొందినవారిలో నూటికి 23 మంది, పొందనివారిలో 53 మంది వ్యాకులతతో నుండిరి. తరువాత గోవాలో ఇరుగుపొరుగు తల్లులకే యీ విద్య నేర్పి పంపిరి. అచ్చటను కొంత మేలు కనబడెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ పద్ధతిని పుస్తకముగ ప్రకటించినది. మన ఆశా కార్యకర్తలలో మన కులపు టాడుపడుచులు ఎందరు లేరు?

పురుషసోదరులకు ఒక మనవి. గర్భిణియగు భార్య దిగులుపడునని అప్పుల సంగతి దాచుట మీలో ననేకుల యలవాటు. దయతోనే దాచుదురు; నేను కాదనను. కాని షావుకారు గుమాస్తా వాకిట నిలిచి పిలిచిన పిలుపులోనే యామెకు సర్వము తెలియును. తెలియనిదల్లా మీ యాలోచన యేమన్నది. సొమ్ము లేకపోయినను, "కాన్పుకు ఇంత విడిగ నుంచితిని, ఫలానా చోట కందువు, ఫలానావారు తోడువత్తురు" అని చెప్పగలిగినచో సగము రాత్రి నిదుర యామెకు దక్కును. ఇక ఆడపిల్లయా, మగపిల్లవాడా యను ప్రశ్నను చూలాలి యెదుట నెత్తకుడు. వరద లేని యింట గూడ వరద తెచ్చు ప్రశ్న యిది. ఇద్దరు కూతుళ్ళ తల్లి మూడవమారు నెల తప్పినప్పుడు ఆమె ముఖమును చూచిన నాకు వేరు తుఫానులు జ్ఞప్తికి రావు.

సంఘమేమి చేయగలదని మీరడుగవచ్చును. ప్రతి యూరి శాఖయు ఒక పుస్తకము నుంచవలెను. ఊరిలోని మన గర్భిణుల పేర్లు, ఎన్నవ నెల, కాన్పు ఎచ్చట నిశ్చయమైనది, తోడెవరు, బండి యెవరిది, రక్తపు వర్గమేది యని యందు వ్రాయవలెను. మగ్గమునకు సెలవైన యమావాస్యనాడు ఇద్దరు పెద్ద స్త్రీలు ఇంటింటికి పోయి దానిని సరిచూడవలెను. ఈ పుస్తకము స్త్రీల చేతులలోనే యుండవలెను. అరుగులపై చదువుకొను పుస్తకము కారాదు. తుఫాను రాకను నేడు వాతావరణశాఖవారు కొన్ని దినముల ముందే తెలుపుచున్నారు. ఒరిస్సాలో 2019 మే 3 న ఫణి తుఫాను పూరీ యొద్ద తీరము దాటకమునుపే, ప్రసవదినములు సమీపించిన స్త్రీలను వందలకొలది ఆసుపత్రులకు చేర్చిరి. సర్కారు బండి రావచ్చును, రాకపోవచ్చును. మన పుస్తకము సిద్ధముగ నున్నచో 108 కి ఫోను చేయువారికి ఏ వీధిలో ఏ యిల్లో చెప్పుటకు తడబాటుండదు.

రెండవది చోటు. మన సత్రములును కల్యాణమండపములును ముహూర్తములు లేని దినములలో తాళము వేసి యున్నవి. మెరకమీద నున్న ప్రతి సత్రమునను ఒక గదిని, మంచము, దీపము, మరుగుదొడ్డి, వేడినీటి వసతితో ఆపత్కాలమున గర్భిణులకును బాలింతలకును కేటాయింపవలెను. వంటయింటి తాళపుచెవి ఎవరియొద్ద నుండునో ముందే నిశ్చయింపవలెను. ఇది చిన్నమాటగ తోచును కాని, వానలో తడిసి వచ్చిన నిండుచూలాలిని వాకిట నిలువబెట్టి కార్యదర్శిగారి యింటికి తాళపుచెవికై మనిషిని పంపినచో పని యెట్లు జరుగును? దీనికి సొమ్మెక్కడిదని యందురేమో. ఈ మహాసభ ప్రత్యేకసంచికలో ప్రకటనలవలన వచ్చు రాబడిలో కొంత దీనికి తీయవచ్చును. నా ఛాయాచిత్రమునకు కేటాయించిన పుటను గూడ ప్రకటనకే యిచ్చివేయుడని సంపాదకవర్గమువారికి చెప్పియున్నాను.

భీవండి, షోలాపురము, సూరతులందలి మన శాఖలవారు ఈ సభలో నున్నారు. వారి పుస్తకమున నింకొక గడి యుండవలెను: పుట్టింటివారి ఫోను సంఖ్య. రాకపోకలు నిలిచినను తల్లి గొంతు వినబడును. 2020లో పెక్కు గదులలో గర్భిణులకు దొరకిన మందు అదియొక్కటే.

పై యంశములను తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారి కిచ్చియున్నాను. రేపటి యుదయపు సమావేశమున నేనే ప్రతిపాదించెదను. బలపరచుటకు ఉపన్యాసకులెవ్వరును వలదు. కోడళ్ళకు పురుళ్ళు పోసిన యత్తగారొకరు లేచి బలపరచవలెనని కోరుచున్నాను. ఈ సాయంకాలములోగా ఎవరైన తమ పేరిచ్చినచో కార్యక్రమపత్రమున వ్రాయుదుము.